పది శాతం మెరుగు, ఎనిమిది నిమిషాల నిద్ర

ఒక పాఠకుడు అడిగారు: "నిద్ర పట్టట్లేదని వెళితే డాక్టరు గారు పదింటికి కాదు, పన్నెండింటికి పడుకోమన్నారు. స్లీప్ ఎఫిషియెన్సీ పెరుగుతుందట. ఇదేం వైద్యమండీ?"

వైద్యం సరైనదే. ఆ పెరుగుదలను మాత్రం విప్పి చూడాలి.

నిద్రపోయిన సమయాన్ని మంచం మీద గడిపిన సమయంతో భాగించి, వందతో హెచ్చవేస్తే వచ్చేదే ఎఫిషియెన్సీ. రాత్రి పదికి పడుకుని ఆరున్నరకు లేచారు, అందులో ఆరు గంటలు నిద్రపోయారు: 71 శాతం. పన్నెండింటికి పడుకుని అదే ఆరు గంటలు నిద్రపోతే 92. నిద్ర అరగంట తగ్గి ఐదున్నరే అయినా 85 వస్తుంది! ఆర్టీసీ వాళ్లు పెద్ద బస్సు తీసేసి మినీ బస్సు వేస్తే ఆక్యుపెన్సీ రేషియో ఎగబాకుతుంది, ఎక్కింది మాత్రం అంతమందే. బడిలో భిన్నాలు చెప్పేటప్పుడు హారం మీద ఇంకాస్త సమయం పెట్టి ఉంటే బాగుండేది.

ఇది ఊహ కాదు. మందుల్లేకుండా, నిద్ర అలవాట్లనూ ఆలోచనలనూ మార్చే ఈ చికిత్స పేరు సీబీటీ-ఐ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ఫర్ ఇన్‌సోమ్నియా). దాని మీద జరిగిన 20 ట్రయల్స్‌ను, 1,162 మంది ఫలితాలను కలిపి 2015లో యానల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో లెక్కగట్టారు. నిద్ర పట్టడానికి పట్టే సమయం 19 నిమిషాలు తగ్గింది. మధ్యలో మెలకువగా ఉండేది 26 నిమిషాలు తగ్గింది. ఎఫిషియెన్సీ దాదాపు 10 పాయింట్లు పెరిగింది. మొత్తం నిద్ర పెరిగింది? ఎనిమిది నిమిషాల లోపే. అలా తగ్గిన 45 (19+26) నిమిషాల్లో ఎక్కువ భాగం నిద్రలోకి పోలేదు, మంచం మీది సమయంలోంచే కోతపడింది.

మోసమా? కాదు. దొర్లుతూ పడుకోవడమే జబ్బును పెంచి పోషిస్తుంది. అందుకే ముందు మంచం మీది సమయాన్ని కుదిస్తారు, ఎఫిషియెన్సీ 90 దాటాక పావుగంట చొప్పున పెంచుతారు. నిద్రలేమి తీవ్రతను కొలిచే ఐఎస్ఐ (ఇన్‌సోమ్నియా సివియారిటీ ఇండెక్స్) ప్రశ్నావళిలో ఏడు ప్రశ్నలుంటాయి, గరిష్ఠం 28, ఎనిమిది లోపు వస్తే నిద్రలేమి లేనట్టే. అందులో ఎన్ని గంటలు నిద్రపోయారన్న ప్రశ్నే లేదు! ఇబ్బంది తగ్గిందా అన్నదే లెక్క. నా అభ్యంతరమల్లా శాతం ఒక్కటే రాసి, నిమిషాలు దాచేసే వార్తల మీదే.

ఉత్తరం వైపు తల పెట్టుకుంటే నిద్ర పట్టదంటారు. మరీ విసిగిపోయిన రోజున మంచం తిప్పుతారు, తర్వాత నిద్ర కాస్త కుదుటపడుతుంది, పేరు దిక్కుకు వస్తుంది. ట్రయల్‌లోకి కూడా జనం బాగా ఇబ్బందిపడుతున్నప్పుడే వస్తారు. ఏమీ చేయకపోయినా కొంత తేరుకుంటారు. కాబట్టి 'మొదటికంటే ఎంత తగ్గింది' అన్నది చాలదు, పోల్చిన గ్రూపుకంటే ఎంత తగ్గిందో చూడాలి.

జోల్పిడెమ్ లాంటి 'జెడ్' నిద్రమాత్రల మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు అందిన 13 ట్రయల్స్‌ను 2012లో బీఎంజే అనే వైద్య పత్రికలో విశ్లేషించారు. తలకు వైర్లు తగిలించి కొలిస్తే, ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) కంటే నిద్ర 22 నిమిషాలు ముందు పట్టింది. మరి సీబీటీ-ఐకి 19 నిమిషాలేగా, మందే మేలా? అలా పక్కపక్కన పెట్టకూడదు. ఇక్కడ కొలిచింది యంత్రం, పోల్చింది ఉత్తుత్తి మాత్రతో. అక్కడ చాలావరకు రోగులు రాసుకున్న స్లీప్ డైరీ, పోల్చింది వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లు, మామూలు సలహాలు విన్నవాళ్లు లాంటి వారితో.