విదేశాల్లో బైక్ ట్రిప్‌కి రూటు ఎంచుకోవడం: అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరు నుంచి విదేశాలకు బైక్ ట్రిప్పులు వేసేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. మిర్చి యార్డు వ్యాపారులు, డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు ఓ నాలుగు రోజులు బండి అద్దెకు తీసుకుందామనుకునే తండ్రులు. వీళ్లకు రూట్లు వేసి ఇవ్వడం నా పని. దాదాపు అందరూ ఫోన్‌లో ఒక రీల్ చూపించి, "ఈ రోడ్డు మీద వెళ్లాలండి" అని మొదలుపెడతారు. చిక్కంతా అక్కడే వస్తుంది. ఏ నెలలో వెళ్తున్నారు, మీ లైసెన్సు అక్కడ చెల్లుతుందా, రోజుకు ఎన్ని గంటల వెలుతురు చేతిలో ఉంటుంది... ఈ మూడూ తేలాకే నేను మ్యాపు తెరుస్తాను. రోడ్డు పేరు చివర్న వస్తుంది. మళ్లీ మళ్లీ వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రోజుకు 500 కిలోమీటర్లు కొట్టేవాళ్లం, అక్కడ 150 ఒక లెక్కా?

ఇది నేషనల్ హైవే మీద అలవాటైన లెక్క. పొద్దున్నే బెంజ్ సర్కిల్ దగ్గర బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి హైదరాబాద్‌లో ఉంటాం కాబట్టి ఎక్కడైనా అంతే అనుకుంటాం. ఉత్తర థాయ్‌లాండ్‌లో చియాంగ్ మాయ్ నుంచి పాయ్ అనే ఊరికి సుమారు 135 కిలోమీటర్లు. విజయవాడ నుంచి ఒంగోలు దాదాపు అంతే దూరం. కానీ పాయ్ వెళ్లే ఆ దారిలో 762 మలుపులున్నాయి. ఒక మలుపు నుంచి లేచి బండి నిటారుగా అయ్యేలోపే ఇంకోటి వస్తుంది. మూడో గేరు దాటే అవకాశమే చాలాచోట్ల ఉండదు. మధ్యలో కాఫీకి ఆగుతారు, ఫొటోలకు ఆగుతారు, వెనక కూర్చున్నవాళ్లకు కడుపులో తిప్పితే ఆగుతారు. పొద్దున బయల్దేరితే పాయ్ చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది.

అక్కడి నుంచి మే హాంగ్ సాన్, మే సరియాంగ్ మీదుగా తిరిగి చియాంగ్ మాయ్ వచ్చే చుట్టు మొత్తం 600 కిలోమీటర్లు. మొత్తం 1,864 మలుపులని అక్కడివాళ్లు చెబుతారు. "రెండు రోజుల్లో అయిపోతుంది కదండీ" అని అడిగేవాళ్లున్నారు. అయిపోతుంది. కానీ అప్పుడు మీకు ముందున్న తారు తప్ప ఇంకేమీ కనిపించదు. నేను ఐదు రోజులు ఇస్తాను. వియత్నాంలో హా జాంగ్ చుట్టు ఇంకా చిన్నది, 350 కిలోమీటర్లే. దానికీ నాలుగు రోజులు పెట్టమంటాను.

కొండ రోడ్డుకి నా లెక్క ఇది: గంటకు 30-35 కిలోమీటర్లు, సీటు మీద రోజుకు ఐదు గంటలు, చీకటి పడటానికి రెండు గంటల ముందే రూములో ఉండాలి. ఫోన్‌లోని మ్యాపు చూపించే టైమ్ ఆగకుండా వెళ్లే కారు టైమ్. చూడ్డానికే అంత దూరం వెళ్తున్నప్పుడు ఆ టైమ్‌ని నమ్మి ప్లాన్ వేసుకోకండి.

అపోహ: ఐడీపీ చేతిలో ఉంటే ప్రపంచంలో ఎక్కడైనా నడపొచ్చు

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ (ఐడీపీ) తీసుకోవడం మన దగ్గర తేలికే. ఫారం 4ఏ, వెయ్యి రూపాయల ఫీజు, పాస్‌పోర్టు, వీసా కాగితాలతో ఆర్టీఏ ఆఫీసులో ఇస్తారు. ఏడాది చెల్లుతుంది. అది రాగానే సగం పని అయిపోయినట్టే అనుకుంటారు. గుంటూరు నుంచి ఒకాయన ఫోన్ చేసి, "అన్నా, ఐడీపీ వచ్చేసింది, వియత్నాం టికెట్లు వేసేస్తున్నా" అన్నారు. ఆగమని చెప్పాల్సి వచ్చింది.

కారణం ఏమిటంటే, ఐడీపీల వెనక రెండు వేర్వేరు ఒప్పందాలున్నాయి. ఒకటి 1949లో జెనీవాలో కుదిరింది, ఇంకోటి 1968లో వియన్నాలో. మన ఆర్టీఏ ఇచ్చేది 1949 పర్మిట్. వియత్నాం గుర్తించేది 1968 పర్మిట్‌ని మాత్రమే. కాబట్టి 50 సీసీ దాటిన బండి అక్కడ మన పర్మిట్‌తో నడిపితే లైసెన్సు లేకుండా నడిపినట్టే లెక్క. హా జాంగ్ దారిలో పోలీసులు ఆపి చూస్తారు కూడా. అద్దెకిచ్చే షాపువాళ్లు మాత్రం ఏమీ అడక్కుండా తాళం ఇచ్చేస్తారు. షాపువాడు బండి ఇచ్చాడంటే చట్టం ఒప్పుకున్నట్టు కాదు.

జరిమానా సంగతి అటుంచండి. అసలు భయపడాల్సింది ఆసుపత్రి బిల్లుకి. ఆ దేశంలో చెల్లే లైసెన్సు లేకుండా బండి నడిపి ప్రమాదం జరిగితే చాలా ట్రావెల్ పాలసీలు క్లెయిమ్ ఇవ్వవు. కొన్ని పాలసీల్లో ఇంజిన్ సీసీ మీద కూడా పరిమితి ఉంటుంది. పాలసీ కాగితంలో మినహాయింపుల పేజీ టికెట్లు కొనకముందే చదవండి.

అంటే హా జాంగ్ వదులుకోవాలా? అక్కర్లేదు. అక్కడి కుర్రాళ్లు బండి నడుపుతారు, మీరు వెనక కూర్చుంటారు. మనవాళ్లకు ఇది నామోషీగా ఉంటుంది. కానీ మా పి లెంగ్ కనుమ దగ్గర కింద లోయలో ఆకుపచ్చగా పారే న్యో క్వే నదిని తల తిప్పి, కళ్లారా, ఎంతసేపు కావాలంటే అంతసేపు చూడగలిగేది వెనక కూర్చున్న మనిషే. 1959 నుంచి 1965 వరకు కూలీలు, యువకులు చేతి పనిముట్లతో తొలిచిన దారి అది. ఈ కనుమ దగ్గర తాళ్లకు వేలాడుతూ కొండను చెక్కారు. అలాంటి చోట చూపంతా గుంతల మీద పెట్టుకోవడం నాకైతే నష్టంగానే అనిపిస్తుంది.

మీరే నడపాలని పట్టుదల ఉంటే థాయ్‌లాండ్ ఎంచుకోండి. మన ఐడీపీ అక్కడ చెల్లుతుంది, పైగా మనలాగే ఎడమవైపు నడుపుతారు. శ్రీలంక కూడా ఎడమవైపే, కాకపోతే ఐడీపీతో పాటు అక్కడి అధికారులిచ్చే గుర్తింపు పర్మిట్ కూడా తీసుకోవాలి. ఇంకో సంగతి: ఐడీపీ పుస్తకంలో మోటార్‌సైకిల్ గడి మీద ముద్ర పడిందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. మీ లైసెన్సులో కారు మాత్రమే ఉంటే ఆ ముద్ర పడదు. అక్కడికి వెళ్లాక చేసేదేమీ ఉండదు.

అపోహ: సెలవులు ఎప్పుడు దొరికితే అప్పుడు వెళ్లొచ్చు

మన సెలవులు మూడు: వేసవి, దసరా, సంక్రాంతి. ఒక్కో దానికి ఒక్కో దేశం సరిపోతుంది.

ఎక్కువ పొరపాట్లు జరిగేది వేసవిలో. ఇక్కడ ఎండలు భరించలేక ఏప్రిల్‌లో చియాంగ్ మాయ్ టికెట్లు కొంటారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ పొలాలు, అడవులు తగలబెట్టిన పొగ కమ్మేసి ఉంటుంది. కొండ ఎక్కితే ఎదురు కొండ కనిపించదు, గొంతు మండుతుంది. ఏప్రిల్ నడిమధ్యలో సాంగ్‌క్రాన్ పండగ, రోడ్డు పక్కన నిలబడి వచ్చే పోయే బండ్ల మీద బకెట్లతో నీళ్లు కొడతారు. నడిచేవాళ్లకు సరదాగానే ఉంటుంది, రెండు చక్రాల మీద ఉన్నవాళ్లకు ప్రమాదం.

ఆల్ప్స్‌దీ అదే సంగతి. ఏప్రిల్, మే అంటే మనకు నడివేసవి, అక్కడ ఎత్తయిన కనుమల మీద ఇంకా మంచు. ఇటలీలోని స్టెల్వియో 2,757 మీటర్ల ఎత్తున ఉంది, మామూలుగా మే ఆఖరుకో జూన్ మొదట్లోనో గానీ తెరవరు. రొమేనియాలోని ట్రాన్స్‌ఫగరాషన్ పైభాగం తెరిచేసరికి దాదాపు జూలై వస్తుంది. మే నెలలో టికెట్లు కొనుక్కుని వెళ్తే మూసిన గేటు దగ్గర ఫొటో దిగి రావడమే.

వేసవి సెలవులు తప్ప వేరే దారి లేనివాళ్లకు నేను శ్రీలంక తూర్పు తీరం చెబుతాను. ట్రింకోమలీ వైపు ఆ నెలల్లో వాన పెద్దగా ఉండదు. నైరుతి రుతుపవనాల తడి అంతా అవతలివైపు, కొలంబో, గాలే మీద పడుతుంది. డిసెంబరు, జనవరిలో ఇది తిరగబడుతుంది. అందుకే సంక్రాంతికైతే దక్షిణ, పడమటి తీరాలు. పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లకు మేలో బ్లూ రిడ్జ్ పార్క్‌వే బాగుంటుంది. 755 కిలోమీటర్ల పొడవునా లారీలుండవు, గరిష్ఠ వేగం గంటకు 72 కిలోమీటర్లే. అయితే ఆ రోడ్డు మీద పెట్రోలు బంకు ఒక్కటీ ఉండదు, పక్క ఊళ్లలోకి దిగాలి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫానుకి నార్త్ కరోలినా భాగం బాగా దెబ్బతింది. ఏ భాగాలు తెరిచి ఉన్నాయో బయల్దేరే వారంలో నేషనల్ పార్క్ సర్వీస్ సైట్‌లో చూసుకోవాలి.

దసరాకి హా జాంగ్, నేపాల్ రెండూ బాగుంటాయి. హా జాంగ్‌లో కొండవాలు పొలాల్లో వరి పండి పసుపు తిరుగుతుంది. నేపాల్‌లో వానలు వెళ్లి హిమాలయాలు తేటగా కనిపిస్తాయి. ఉత్తర థాయ్‌లాండ్‌కి మాత్రం సంక్రాంతిని మించిన సమయం లేదు.

అపోహ: పేరున్న రోడ్డే అందమైన రోడ్డు

స్టెల్వియో తీసుకోండి. ప్రాటో అనే ఊరివైపు నుంచి ఎక్కితే 48 హెయిర్‌పిన్ మలుపులు, అంటే వెనక్కి మడిచినట్టు తిరిగేవి. ఒక్కో మలుపు దగ్గర నంబరు రాసి ఉంటుంది, కింద 48తో మొదలై పైకి వెళ్లేకొద్దీ తగ్గుతుంది. ఫొటోల్లో అద్భుతం. ఆగస్టు ఆదివారం నాడు వెళ్తే ముందు బస్సు, పక్కన సైకిళ్లు, వెనక స్పోర్ట్స్ కార్లు. చూపు రోడ్డు మీదినుంచి లేవదు.

ఆ రోడ్డులో మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. మనం ఎడమవైపు నడుపుతాం. శ్రీశైలం ఘాట్‌లో ఎడమ హెయిర్‌పిన్ వస్తే మనం లోపలి అంచున ఉంటాం, మలుపు ఇరుకు. కుడి హెయిర్‌పిన్ అయితే బయటి అంచు, విశాలంగా తిరగొచ్చు. కుడివైపు నడిపే ఇటలీలో ఇది తలకిందులవుతుంది, కుడి మలుపే ఇరుకవుతుంది. పైగా యాక్సిలరేటర్, ముందు బ్రేకు రెండూ కుడి చేతిలోనే ఉంటాయి. హ్యాండిల్ పూర్తిగా కుడికి తిప్పినప్పుడు మణికట్టు ఒంటివైపు ముడుచుకుంటుంది. ఆ స్థితిలో యాక్సిలరేటర్ సన్నగా ఇవ్వడం కష్టం. ఎక్కుడులో సగం మలుపు తిరిగాక ఇంజిన్ ఆగిపోయి, బండి కుడివైపుకి ఒరిగిపోయేది ఇక్కడే.

అందుకే ఆల్ప్స్ వెళ్లేవాళ్లని నెల ముందు నుంచే ఖాళీ గ్రౌండ్‌లో కుడివైపు యూ-టర్న్‌లు సాధన చేయమంటాను. ఫస్ట్ గేరు, సగం వదిలిన క్లచ్, వెనక బ్రేకు మీద తేలిగ్గా పాదం, చూపు మలుపు చివరికి. ముందు బ్రేకు ముట్టుకోకూడదు. రెండువైపులా సామాను పెట్టెలు కట్టుకుని, వెనక మనిషిని ఎక్కించుకుని కూడా చేయాలి. అది చేతికొచ్చాక ఒక తెల్లవారుజామున కోటప్పకొండ ఘాట్ ఎక్కి దిగండి, ఎక్కుడులో క్లచ్ ఎంత పట్టాలో తెలుస్తుంది.

మొదటిసారి వెళ్లేవాళ్లకు స్టెల్వియో కంటే ఆస్ట్రియాలోని గ్రోస్‌గ్లాక్నర్ రోడ్డు మేలని నా అభిప్రాయం. టోల్ కట్టాలి, కానీ 48 కిలోమీటర్ల రోడ్డు వెడల్పుగా ఉంటుంది, మలుపులు విశాలం, ఆగి చూడటానికి చోట్లు ఎన్నో. స్టెల్వియో కూడా కావాలంటే కనుమ కింద ఊళ్లో రాత్రి ఉండి, శని, ఆదివారాలు కాని రోజు చూసుకుని పొద్దున ఏడింటికే ఎక్కేయండి.

అపోహ: చుట్టు రూటు ఎటునుంచి తిరిగినా ఒకటే

కాలిఫోర్నియాలో హైవే 1 మీద బిగ్ సర్ తీరం ఉత్తరం నుంచి దక్షిణానికి రావాలి. అక్కడ కుడివైపు నడుపుతారు, సముద్రం పడమర కాబట్టి మీ లేన్ పక్కనే ఉంటుంది, ఆగే చోట్లలోకి ఎదురు ట్రాఫిక్ దాటకుండా దిగిపోవచ్చు. దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్తే ప్రతిసారీ ఎదురు లేన్ దాటాలి. శ్రీలంకలో ఎడమవైపు నడుపుతారు కాబట్టి గాలే నుంచి కొలంబో వస్తుంటే సముద్రం మన పక్కన ఉంటుంది, కొలంబో నుంచి గాలే వెళ్తుంటే ఉండదు.

నేపాల్‌లో మనవాళ్లు ఎక్కువగా వెళ్లే ముక్తినాథ్ దారిలో దిక్కుతో పాటు గడియారం కూడా చూడాలి. 108 దివ్యదేశాల్లో ఒకటి కాబట్టి పెద్దవాళ్లతో కలిసి వెళ్లేవాళ్లూ ఉంటారు. జోమ్‌సోమ్ దగ్గర కాళీ గండకీ లోయలో పొద్దెక్కేకొద్దీ దక్షిణం నుంచి ఈదురుగాలి లేస్తుంది. ఆ గాలికే అక్కడి విమానాలు పొద్దున పూటే తిరుగుతాయి. పైకి వెళ్లేటప్పుడు గాలి వీపు మీద ఉంటుంది, ఫర్వాలేదు. దిగేటప్పుడు మొహానికి కొడుతుంది, ఇసుకతో సహా. దర్శనం చేసుకుని అదే మధ్యాహ్నం దిగిపోదామనుకోవద్దు. ఆ రాత్రి అక్కడే ఉండి, తెల్లారగానే బయల్దేరి పదింటికల్లా లోయ దాటేయాలి.

అపోహ: పెద్ద బండి అయితేనే విదేశీ రోడ్లకు సరిపోతుంది, లేదంటే సొంత బండి తీసుకెళ్లాలి

యూరప్‌లో 1250 సీసీ బండి బుక్ చేసుకుని, సీటు ఎత్తు 850 మిల్లీమీటర్లని కౌంటర్ దగ్గర తెలుసుకునేవాళ్లున్నారు. రెండు పాదాలూ నేలకు ఆనని బండి కొండ మలుపుల్లో వద్దు. ఉత్తర థాయ్‌లాండ్‌కి 300 నుంచి 500 సీసీ చాలు.

సొంత బండి మీద వెళ్లాలంటే నేపాల్, భూటాన్ తేలిక. మన లైసెన్సు రెండు చోట్లా చెల్లుతుంది. భూటాన్‌లో భారతీయులు రోజుకు 1,200 రూపాయల ఫీజు కట్టాలి. పారో, థింఫూ దాటి లోపలికి వెళ్లాలంటే వేరే పర్మిట్ కావాలి. విజయవాడ నుంచి నడుపుకుంటూ పోతే సెలవులు దారిలోనే అయిపోతాయి, అందుకని బండిని రైల్లో పార్సిల్ వేసి న్యూ జల్పాయిగురిలో దించుకోమంటాను. మిగతా దేశాలకు అద్దె బండే. డిపాజిట్‌కి చాలాచోట్ల క్రెడిట్ కార్డు అడుగుతారు, డెబిట్ కార్డు పనికిరాదు. పాస్‌పోర్టు తాకట్టు పెట్టమంటే ఆ షాపు వదిలేయండి.

అపోహ: ప్రతి రోజూ నింపితేనే పెట్టిన డబ్బుకి న్యాయం

వారం ట్రిప్పులో ఒక రోజు ఖాళీగా ఉంచుతాను. "ఆ రోజు ఏం చేస్తామండి?" అని అడుగుతారు. వానొస్తే ఆగడానికి, టైరు పంక్చరైతే చూసుకోవడానికి, ఒళ్లు నొప్పులుంటే పడుకోవడానికి. అది చివర్లో పెట్టొద్దు, చివర్లో పెడితే షాపింగ్‌కే పోతుంది. ట్రిప్పులో అన్నిటికన్నా ఎత్తయిన కనుమ ఏ రోజు దాటుతారో దాని మర్నాడు పెట్టండి. మా పి లెంగ్ మీద పొగమంచు పట్టి ఏమీ కనిపించకపోతే, మ్యావ్ వాక్‌లో ఇంకో రాత్రి ఉండి పొద్దున్నే మళ్లీ పైకి వెళ్లొచ్చు. దూరం పాతిక కిలోమీటర్ల లోపే.