విజిల్ ఊదేది ఆడమనిషైతే: అపోహలు - వాస్తవాలు

నేను హైదరాబాద్‌లో స్కూల్, కాలేజీ, క్లబ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి రిఫరీగా వెళ్తుంటాను. వాటిలో ఎక్కువ మగవాళ్ల మ్యాచ్‌లే, మన దగ్గర ఎక్కువగా జరిగేవి అవే కాబట్టి. "మగపిల్లల ఆటకి నువ్వెందుకమ్మా?" అని చుట్టాలు అడుగుతారు. అదే ప్రశ్నని టోర్నమెంట్ నడిపేవాళ్లు ఇంకాస్త మర్యాదగా అడుగుతారు. పదే పదే వినపడే మాటలు కొన్ని ఉన్నాయి. కొన్ని శుద్ధ తప్పు, ఒకదాంట్లో సగం నిజం ఉంది, ఒకటి మంచితనం ముసుగులో వస్తుంది. ఆ చివరిదే అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తోందని నా అభిప్రాయం.

అపోహ: మగవాళ్ల ఆట వేగాన్ని ఆడవాళ్లు అందుకోలేరు

సగం నిజం ఉన్నది ఇందులోనే. సగటున మగవాళ్లు ఎక్కువ వేగంగా పరిగెత్తుతారు, కాదనేదేం లేదు. కానీ రిఫరీకి ఆటగాడితో పరుగు పందెం లేదు కదా. 2002 వరల్డ్ కప్ ఫైనల్ నడిపిన ఇటలీ రిఫరీ పియెర్లుయిజీ కొలీనాకి అప్పటికి 42 ఏళ్లు. బ్రెజిల్ ఫార్వర్డ్‌లతో పరిగెడితే ఆయన గెలుస్తాడా అని ఎవరూ అడగలేదు. బంతి ఎటు పోతుందో ముందే పసిగట్టి, ఫౌల్ కనబడే కోణంలో నిలబడ్డాడా లేదా అన్నదే చూశారు.

అలా నిలబడటానికి ఎంత ఒంట్లో సత్తువ కావాలో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఎప్పుడో లెక్క కట్టింది. ఏళ్లుగా వాడుతున్న పరీక్ష ఇది: అంతర్జాతీయ స్థాయి మగవాళ్ల మ్యాచ్‌ల రిఫరీ 40 మీటర్ల స్ప్రింట్‌లు ఆరు చేయాలి, ఒక్కోటి 6 సెకన్లలో. ఆ తర్వాత 75 మీటర్లు 15 సెకన్లలో పరుగు, 25 మీటర్లు 18 సెకన్లలో నడక. ఇలా 40 సార్లు. అంటే ట్రాక్ మీద పది రౌండ్లు, 4 కిలోమీటర్లు. ఆడవాళ్ల మ్యాచ్‌ల రిఫరీలకి స్ప్రింట్‌కి 6.4 సెకన్లు, 75 మీటర్లకి 17 సెకన్లు ఇస్తారు.

చాలామందికి తెలియని సంగతి ఏంటంటే, మగవాళ్ల మ్యాచ్ చేయాలనుకునే ఆడ రిఫరీ కూడా మగవాళ్ల టైమింగ్‌లోనే పాసవ్వాలి. రాయితీ లేదు. ఫ్రాన్స్ అసిస్టెంట్ రిఫరీ (గీత పక్కన ఫ్లాగ్ పట్టుకునే రిఫరీ) నెలీ వియెనో 2006 వరల్డ్ కప్ అభ్యర్థుల దాకా వచ్చి, ఫిట్‌నెస్ పరీక్ష దాటలేక ఆగిపోయింది. ఆడమనిషి కదా అని గడియారాన్ని ఎవరూ ఆపలేదు. కాబట్టి ఆ తర్వాత పరీక్ష దాటి వచ్చినవాళ్ల కాళ్ల గురించి మనం కొత్తగా అనుమానపడక్కర్లేదు. ఈ పరీక్ష ప్రాక్టీస్ చేసేవాళ్లకి ఒక మాట: ప్రాణం తీసేది పరుగు కాదు, నడక. ముప్పయ్యో సారికి ఆ 18 సెకన్లు ఊపిరి పీల్చుకోడానికి కూడా చాలవు.

అపోహ: ఆఫ్‌సైడ్ ఆడవాళ్ల తలకెక్కదు

ఆఫ్‌సైడ్ అంటే, పాస్ ఇచ్చే క్షణానికి ఫార్వర్డ్ ప్రత్యర్థి గోల్ వైపు మరీ ముందుకెళ్లి ఉండటం. ఇది వాళ్ల తలకెక్కదన్నది వాట్సాప్ జోక్ స్థాయి మాట. అయినా చెప్పాల్సి వస్తోంది, ఎందుకంటే ఇంగ్లండ్‌లో పెద్ద టీవీ మనుషులే ఈ మాట అని ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 2011 జనవరిలో వుల్వ్స్, లివర్‌పూల్ మ్యాచ్‌కి షాన్ మాసీ అసిస్టెంట్ రిఫరీ. మైకులు ఆఫ్‌లో ఉన్నాయనుకుని స్కై స్పోర్ట్స్ వ్యాఖ్యాతలు ఆండీ గ్రే, రిచర్డ్ కీస్, ఎవరైనా వెళ్లి ఆవిడకి ఆఫ్‌సైడ్ వివరించాలని నవ్వుకున్నారు. అదే మ్యాచ్‌లో లివర్‌పూల్ మొదటి గోల్‌కి ముందు వెంట్రుకవాసి తేడా ఉన్న పరిస్థితి వచ్చింది. ఆమె ఫ్లాగ్ ఎత్తలేదు. రీప్లేలో చూస్తే ఆమెదే కరెక్ట్. గ్రేని తీసేశారు, కీస్ రాజీనామా చేశాడు.

ఈ కథ అందరూ ఇక్కడితో ఆపేస్తారు. తర్వాత జరిగింది నాకు ఎక్కువ గుర్తుంటుంది. మీడియా గోల ఎక్కువైందని షాన్ మాసీని తర్వాతి మ్యాచ్ నుంచి తప్పించారు. తప్పు మాట్లాడింది వాళ్లు, నిర్ణయం సరిగ్గా ఇచ్చింది ఈమె, మ్యాచ్ పోయింది కూడా ఈమెకే. ఉద్దేశం ఆమెని కాపాడటమేనట.

ఇక ఆఫ్‌సైడ్ ఎందుకు కష్టం అంటే, కళ్లు రెండు చోట్ల ఉండాలి. పాస్ ఇచ్చేవాడి కాలికి బంతి తగిలిన క్షణం ఒకటి, గోల్‌కీపర్‌ని కూడా లెక్కేసి చివరి నుంచి రెండో డిఫెండర్‌తో పోలిస్తే ఫార్వర్డ్ ఎక్కడున్నాడు అన్నది రెండోది. ఆ డిఫెండర్‌కి సరిగ్గా సమాంతరంగా మీరు లేకపోతే ఎంత చూపు ఉన్నా తప్పే కనబడుతుంది. అందుకే అసిస్టెంట్ మ్యాచ్ మొత్తం అడ్డంగా, పక్కకి అడుగులేస్తూ కదులుతూనే ఉంటుంది. పైగా ఫ్లాగ్ వెంటనే ఎత్తకుండా ఒక్క క్షణం ఆగి, బంతిని నిజంగా ఎవరు ఆడారో చూసుకోవాలి. సాధనతో వచ్చే పని ఇది. మీసంతో సంబంధం లేదు.

అపోహ: మగ ఆటగాళ్లు ఆడ రిఫరీ మాట వినరు

మొదటి పది నిమిషాలు ఎవరి మాటా వినరు. మగ రిఫరీదైనా అంతే. కొత్తగా వచ్చిన రిఫరీ ఎంతవరకు సాగనిస్తాడో చూడటం ఆటలో భాగం. మొదటి ఫౌల్ బెంచీల ముందు జరిగితే, అక్కడ విజిల్ ఎలా మోగింది, రిఫరీ ఎంత దగ్గరగా వచ్చి నిలబడింది అనేదాంతో సగం పని అయిపోతుంది. మామూలు ఫౌల్‌కి చిన్న విజిల్, కాలు విరిచేలా దూకినవాడికి గట్టిగా, పొడుగ్గా. కేకలేస్తే నా గొంతు సన్నబడుతుంది, అది నాకు తెలుసు. అందుకే మైదానంలో తక్కువ మాట్లాడతాను, చేతులతో, విజిల్‌తో నడిపిస్తాను. మాట్లాడాల్సి వస్తే కెప్టెన్‌ని పిలిచి మెల్లగా చెప్తాను. ఈమధ్య పెద్ద టోర్నమెంట్లలో రిఫరీ దగ్గరికి కెప్టెన్ ఒక్కడే రావాలనే పద్ధతి పెట్టారు. 2024 యూరో కప్‌లో అది బాగా పనిచేసింది. మన లోకల్ మ్యాచ్‌లకీ అది వస్తే నా తలనొప్పి సగం తగ్గుతుంది.

పది నిమిషాలు దాటాక వాళ్లకి నేనెవరో గుర్తుండదు. అప్పీల్ చేసేటప్పుడు చాలామంది నోటివెంట "సార్, హ్యాండ్!" అనే వస్తుంది, తర్వాత నాలుక కరుచుకుని "సారీ మేడమ్" అంటారు. నాకేం ఇబ్బంది లేదు. ఆ క్షణంలో వాళ్ల బుర్రలో నేను రిఫరీని మాత్రమే. గోల చేసేది ఎక్కువగా గీత బయట ఉన్నవాళ్లు: బెంచీ, అమ్మానాన్నలు, గోడ మీద కూర్చున్న సీనియర్లు.

గీత లోపల ఎవరైనా హద్దు దాటితే రూల్ పుస్తకంలో మందు ఉంది. నిర్ణయం మీద విసుక్కుంటే ఎల్లో కార్డ్. అవమానకరమైన మాటకి, బూతుకి రెడ్ కార్డ్, 12వ నిబంధనలో స్పష్టంగా రాసి ఉంది. "ఇంటికెళ్లి వంట చేసుకో" అన్నది విసుగు కాదు, అవమానం. కొత్తగా వచ్చే అమ్మాయిలు దీన్ని నవ్వి వదిలేస్తున్నారు. వదలొద్దు. జర్మనీలో 2015లో కెరెమ్ డెమిర్‌బే అనే ఆటగాడు, తనని బయటికి పంపిన రిఫరీ బిబియానా స్టైన్‌హౌస్‌తో మగవాళ్ల ఫుట్‌బాల్‌లో ఆడవాళ్లకి చోటు లేదన్నాడు. నిషేధం పడింది, క్షమాపణ చెప్పాడు. అతని క్లబ్ అంతటితో ఊరుకోకుండా అమ్మాయిల మ్యాచ్ ఒకదానికి అతన్నే రిఫరీగా నిలబెట్టింది. నాకు నచ్చిన శిక్ష అది.

అపోహ: ఆడ రిఫరీ ఉంటే ఆటగాళ్లు పద్ధతిగా ఉంటారు

పొగడ్తలా ఉంటుంది కానీ ఇదీ అపోహే. నన్ను చూసి ఎవరూ టాకిల్ మెల్లగా చేయలేదు. ఒకవేళ మ్యాచ్ చల్లగా సాగితే అది ఆటని సరిగ్గా నడిపినందుకు, అక్కడ చీర కట్టుకునే మనిషి ఉన్నందుకు కాదు. ఈ మాట నమ్మితే, గొడవ జరిగిన రోజు "ఆడమనిషిని పెట్టినా ఆగలేదే" అని మన ఖాతాలోనే రాస్తారు.

అపోహ: పేరు కోసం, కోటా కోసం పెద్ద మ్యాచ్‌లు ఇస్తున్నారు

ఫ్రాన్స్ రిఫరీ స్టెఫానీ ఫ్రాపార్ ప్రయాణం చూడండి. ఫ్రాన్స్ రెండో డివిజన్‌లో 2014లో మొదలుపెట్టింది. మొదటి డివిజన్ మ్యాచ్ దక్కింది 2019 ఏప్రిల్‌లో. అదే ఏడాది ఆగస్టులో ఇస్తాంబుల్‌లో లివర్‌పూల్, చెల్సీ తలపడ్డ యూరప్ సూపర్ కప్ మ్యాచ్ ఆమెకి ఇచ్చారు. ఎక్స్‌ట్రా టైమ్, పెనాల్టీలు, అన్నీ అయ్యాయి. మేము గనక వాళ్లు విజిల్ ఊదినంత బాగా ఆడి ఉంటే 6-0తో గెలిచేవాళ్లం అని లివర్‌పూల్ కోచ్ యుర్గెన్ క్లాప్ అన్నాడు. 2020 డిసెంబర్‌లో ఛాంపియన్స్ లీగ్, 2022 మేలో ఫ్రెంచ్ కప్ ఫైనల్. అప్పుడు, 2022 డిసెంబర్ 1న, ఖతార్‌లో జర్మనీ, కోస్టారికా మ్యాచ్. పక్కన బ్రెజిల్ నుంచి నెవుజా బాక్, మెక్సికో నుంచి కారెన్ డియాస్ ఫ్లాగ్‌లు పట్టుకున్నారు. 1930లో మొదలైన మగవాళ్ల వరల్డ్ కప్‌లో ఒక మ్యాచ్‌ని ముగ్గురు ఆడవాళ్లు నడపడానికి 92 ఏళ్లు పట్టింది. ఇదేం కోటా?

స్టైన్‌హౌస్ కథ ఇంకా నిదానం. 2007లో జర్మనీ రెండో డివిజన్‌కి వచ్చింది, మొదటి డివిజన్ అయిన బుండెస్‌లీగాకి 2017లో. పదేళ్లు! ఇంగ్లండ్‌లో వెండీ టామ్స్ ప్రీమియర్ లీగ్‌లో ఫ్లాగ్ పట్టింది 1997లో. విజిల్ మొదటిసారి ఒక ఆడమనిషి చేతికి, అంటే రెబెకా వెల్ష్ చేతికి, వచ్చింది 2023 డిసెంబర్ 23న, ఫుల్హామ్, బర్న్‌లీ మ్యాచ్‌లో. ఫ్లాగ్ నుంచి విజిల్‌కి 26 ఏళ్లు.

అపోహ: రఫ్ మ్యాచ్‌లకి పంపకపోవడం వాళ్ల మంచికే

ముందు చెప్పిన మంచితనం ముసుగు ఇదే. "మేడమ్, ఆ రెండు టీమ్‌లకీ పాత గొడవలున్నాయి, మీకెందుకు టెన్షన్, అండర్-13 చూసుకోండి." అనేవాళ్లు నిజంగా మంచి ఉద్దేశంతోనే అంటారు. నాకు టీ కూడా తెప్పిస్తారు. కానీ రిఫరీ ఎదిగేది కష్టమైన మ్యాచ్‌ల్లోనే. ఇరవై మంది చుట్టుముట్టినప్పుడు ఎక్కడ నిలబడాలో, సెకండాఫ్‌లో ఆట వేడెక్కుతోందని ఏ సైగతో తెలుస్తుందో, ఏ కార్డ్ ఇస్తే చల్లబడుతుందో, ఏది ఇస్తే భగ్గుమంటుందో క్లాసులో చెప్పలేరు. ఐదేళ్లు అండర్-13లే చేయించి, ఒకరోజు ఉన్నట్టుండి ఫైనల్ ఇచ్చి చూడటమంటే, ఖాళీ గ్రౌండ్‌లో స్కూటీ నేర్చుకున్న పిల్లని సాయంత్రం ఆరింటికి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో వదిలేయడమే. తడబడితే "చెప్పాంగా" అంటారు.

ఇందులో లెక్క కూడా ఉంది. మ్యాచ్‌లు ఇస్తేనే రిఫరీ పనితీరు చూసే అసెస్సర్ కంట పడతాం, మార్కులు పడతాయి, పై స్థాయికి పేరు వెళ్తుంది. మ్యాచ్ ఇవ్వని రిఫరీ ఫెయిలవ్వదు. అలాగని ఎక్కడికీ పోదు కూడా. గోడ మీద నుంచి వచ్చే ఈలలు నాకు ఇప్పుడు వినబడవు. ఈ దయగల ఫోన్ కాల్‌కి మాత్రం ఇప్పటికీ కోపం వస్తుంది.

అసలు ప్రమాదం ఉన్న మ్యాచ్ అయితే అది మగ రిఫరీకీ ప్రమాదమే. పోలీసుని పెట్టండి, తాడు కట్టి జనాన్ని వెనక్కి జరపండి. మనిషిని మార్చడం భద్రత కాదు.

అపోహ: మన దేశంలో ఇంకా ఆ రోజులు రాలేదు

వచ్చి చాలా రోజులైంది. గోవాకి చెందిన మరియా రెబెలో ఒకప్పుడు ఇండియా తరఫున ఆడి, తర్వాత మగవాళ్ల జాతీయ స్థాయి పోటీ ఐ-లీగ్‌లో మెయిన్ రిఫరీగా విజిల్ ఊదింది. గోవా నుంచే ఉవేనా ఫెర్నాండెజ్ 2016లో జోర్డాన్‌లో జరిగిన అండర్-17 మహిళల వరల్డ్ కప్‌లో అసిస్టెంట్‌గా పనిచేసింది. మణిపూర్‌కి చెందిన రంజితా దేవి, అంతర్జాతీయ మ్యాచ్‌లకి అర్హత ఇచ్చే ఫిఫా బ్యాడ్జ్ సాధించిన రిఫరీ. గోవా, మణిపూర్, బెంగాల్ పేర్లే ఎక్కువ వినబడటం యాదృచ్ఛికం కాదు: అక్కడ అమ్మాయిలు ఆడతారు, ఆడినవాళ్లలోంచే రిఫరీలు వస్తారు. ఒకప్పటి భారత ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ ఊరు అని చెప్పుకునే హైదరాబాద్‌లో అమ్మాయిల మ్యాచ్‌లే తక్కువ. మూలం అక్కడుంది.

రిఫరీ అవ్వాలనుకునే అమ్మాయిలు జిల్లా లేదా రాష్ట్ర సంఘం పెట్టే రిఫరీ కోర్సు ఎప్పుడో కనుక్కుని రాసేయండి. రూల్స్ పరీక్ష, పరుగు పరీక్ష, ఆ తర్వాత కింది స్థాయి మ్యాచ్‌లు. ఆడిన అనుభవం ఉంటే మంచిది, లేకపోయినా నేర్చుకోవచ్చు.

టోర్నమెంట్ నడిపేవాళ్లకి: ఆడ రిఫరీ వస్తోందని మైకులో ప్రత్యేకంగా ప్రకటించకండి, శాలువా కప్పకండి. గడియ పడే గది ఒకటి, నీళ్లొచ్చే టాయిలెట్ ఒకటి చూపించండి. మ్యాచ్ ఫీజు మగ రిఫరీకి ఎంతో అంతే ఇవ్వండి, అదీ అదే రోజు. సెమీఫైనల్ లిస్ట్ వేసేటప్పుడు పేరు చూడకుండా మార్కులు చూడండి.