“పడుకుంటే దిగిపోతుందిలే”: మందు గురించి అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో క్యాజువాలిటీ డ్యూటీ డాక్టర్‌ని. వీకెండ్ రాత్రుళ్ళు మడివాళ, బీటీఎం, కోరమంగళ పీజీల నుంచి మన తెలుగు పిల్లలు తాగి పడిపోయిన ఫ్రెండ్‌ని చెరో భుజం పట్టుకుని మోసుకొస్తుంటారు. కింద రాసినవన్నీ వాళ్ళ నోట వినే మాటలే. ఇంత తాగితే ఫరవాలేదు అనే సురక్షితమైన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. తాగకపోవడమే మేలు. అయినా తాగేవాళ్ళు ఉంటారు, వాళ్ళ పక్కన తాగని స్నేహితులూ ఉంటారు. ఇద్దరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

అపోహ: బాగా ఎక్కింది, పడుకోబెడితే పొద్దుటికి దిగిపోతుంది.

నాకు అన్నిటికంటే భయం ఈ మాటంటేనే. తాగడం ఆపేశాక కూడా కడుపులో మిగిలిన మందు రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. గదికి తెచ్చినప్పుడు మాట్లాడిన మనిషి గంట తర్వాత పిలిచినా పలకకపోవచ్చు. ఆ మత్తులో వెల్లకిలా పడుకుని వాంతి చేసుకుంటే, దగ్గి బయటికి తోసే శక్తి ఉండదు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుర్రు పెడుతున్నాడు, హాయిగా నిద్రపోతున్నాడు అని గదిలోవాళ్ళు అనుకుంటారు. గరగరమనే ఆ గుర్రు చాలాసార్లు గాలి సరిగా ఆడట్లేదనడానికి గుర్తు.

అందుకే మత్తులో ఉన్న మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ముందు అతని ఎడమ పక్కన మోకాళ్ళ మీద కూర్చోండి. ఎడమ చెయ్యి పక్కకు చాపి, కుడి అరచేతిని ఎడమ చెంప కింద పెట్టండి. కుడి మోకాలు మడిచి మీవైపు లాగితే మనిషి మొత్తం పక్కకు తిరుగుతాడు. గడ్డం కాస్త పైకెత్తి, నోరు కిందికి వంగేలా చూడండి. పక్కన ఒకరు మెలకువగా ఉండాల్సిందే. గడియారం పెట్టుకుని నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టండి. ఎనిమిది కంటే తక్కువున్నా, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటినా, పెదాలు నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా, గట్టిగా తట్టినా లేవకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఇవన్నీ కనిపించేదాకా ఆగొద్దు, ఒక్కటి చాలు.

అపోహ: కాఫీ, మజ్జిగ, చన్నీళ్ళ స్నానంతో మత్తు దిగుతుంది.

లివర్ గంటకు సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ మాత్రమే ఖర్చు చేయగలదు. దాన్ని తొందరపెట్టే ఔషధం మా దగ్గరా లేదు. చన్నీళ్ళు పోస్తే ఒంట్లో వేడి ఇంకా పడిపోతుంది, బాత్రూంలో జారితే తల పగులుతుంది. స్పృహ సరిగా లేనివాడి నోట్లో మజ్జిగ పోయడం, వేలు పెట్టి కక్కించడం మరీ ప్రమాదం.

అపోహ: బీరే కదా, ఏం కాదు.

8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో దాదాపు 40 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. అంటే నాలుగు 30 మి.లీ. విస్కీ పెగ్గులతో సమానం. రెండు సీసాలు ఒంట్లోంచి పోవడానికి ఎనిమిది గంటలు పడుతుంది. అర్ధరాత్రి దాకా తాగి, పొద్దున్నే క్లాసుకని బండి తీసేటప్పటికీ రక్తంలో మందు ఉండవచ్చు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారి దొరికితేనే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఎనర్జీ డ్రింక్ కలుపుకుంటే మత్తు తగ్గదు, తెలియకుండా పోతుందంతే. నిద్రమాత్రలు, యాంగ్జైటీ మాత్రలు వాడేవాళ్ళు అసలు ముట్టుకోవద్దు, రెండూ కలిస్తే ఊపిరి ఆగే ప్రమాదముంది.

అపోహ: హాస్పిటల్‌కి తీసుకెళ్తే ఇంట్లో తెలిసిపోతుంది, వార్డెన్ రూమ్ ఖాళీ చేయిస్తాడు.

ఈ భయంతోనే రాత్రి ఒంటిగంటకు రావాల్సినవాళ్ళు తెల్లవారుజామున నాలుగింటికి వస్తున్నారు. అమ్మానాన్నల కోపం నాలుగు రోజులుంటుంది. మేం ముందు చూసేది ఊపిరి, బీపీ, షుగర్. మందు వల్ల షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు, వేలి మీద చిన్న సూదిపోటుతో అది నిమిషంలో తెలుస్తుంది. ఏం తాగాడు, ఎప్పుడు ఆపాడు, ఏవైనా మాత్రలు వేసుకున్నాడా, తలకు దెబ్బ తగిలిందా, ఈ నాలుగూ దాచకుండా చెప్పండి. సీసా దొరికితే వెంట తీసుకురండి.