తొట్టెల నాటికే ముక్కులో చేరిపోతాయి

ఇరవై ఒకటో రోజు తొట్టెల వేసేనాడు నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇల్లంతా చుట్టాలే. మేనత్త ఎత్తుకుంటుంది, అమ్మమ్మ ముద్దాడుతుంది, అంగన్‌వాడీకి పోయే అక్క చీమిడి కారుతుండగానే వచ్చి చెల్లె బుగ్గకు ముక్కు ఆనిస్తుంది. పాపకు ఏ జబ్బూ లేదు. పాలు తాగుతుంది, నిద్రపోతుంది. అయినా ముక్కు వెనకాల, గొంతు మొదలయ్యే చోట, లక్షలకొద్దీ బ్యాక్టీరియా అప్పటికే స్థిరపడి ఉంటాయి.

ఈ మాట వింటే ఏ తల్లికైనా టెన్షన్ వస్తుంది. అందుకే ముందే చెప్పాలి: ముక్కులో బ్యాక్టీరియా ఉండటం జబ్బు కాదు. పుట్టిన ప్రతి బిడ్డకూ ఇది జరిగేదే. కానీ పసిపిల్లల ప్రాణాలు తీసే నిమ్ము (న్యుమోనియా) మొదలయ్యేది కూడా చాలాసార్లు అక్కడి నుంచే. ఈ రెండు మాటలూ నిజమే. రెంటినీ కలిపి అర్థం చేసుకుంటే టీకా ఎందుకో, ప్రతి జలుబుకూ యాంటీబయాటిక్ ఎందుకు వద్దో తేలిగ్గా తెలుస్తుంది.

కాన్పు సమయంలో బిడ్డకు అంటుకునేవి తల్లి శరీరం మీదివే. మొదటి కొన్ని వారాలు ముక్కులో ఎక్కువగా కనిపించేది స్టఫైలోకోకస్ అనే బ్యాక్టీరియా. చర్మం మీద సెగ్గడ్డలు లేపేది కూడా ఇదే. వారాలు గడిచేకొద్దీ అది తగ్గి, మొరాక్సెల్లా, హీమోఫిలస్, న్యుమోకోకస్ అనే వేరే బ్యాక్టీరియా పెరుగుతాయి. వీటిలో వీటికి పోటీ ఉంది. న్యుమోకోకస్ తయారుచేసే హైడ్రోజన్ పెరాక్సైడ్ స్టఫైలోకోకస్‌ను చంపగలదని ప్రయోగశాలల్లో చూశారు. తల్లిపాలు తాగే పిల్లల ముక్కుల్లో కొరినిబ్యాక్టీరియం, డోలోసిగ్రాన్యులమ్ అనే సాధు రకాలు ఎక్కువగా ఉంటాయని నెదర్లాండ్స్ పరిశోధకులు గమనించారు. అవి నిండుగా ఉన్న పిల్లల్లో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు తక్కువగా కనిపించాయి.

వీటన్నిటిలో ఎక్కువగా పట్టించుకోవాల్సింది న్యుమోకోకస్‌ను. మన దేశంలో అది చాలా తొందరగా చేరుతుంది. తమిళనాడు పల్లెల్లో పసిపిల్లలను పరీక్షిస్తే, రెండు నెలలు నిండేసరికే సగం మందికి పైగా ముక్కుల్లో అది దొరికింది. సంపన్న దేశాల్లో అంత తొందరగా చేరదు. ఒకే గదిలో ఆరేడుగురు పడుకునే ఇల్లు, బడికో అంగన్‌వాడీకో పోయే అన్నలూ అక్కలూ, వంటింటి పొగ, ఇవే తేడా. ఈ లెక్కన చూస్తే దేవరకొండ తండాకూ, నారాయణపేట పల్లెకూ, ఆ తమిళ పల్లెకూ పెద్ద తేడా ఉండదు.

ఈ బ్యాక్టీరియాను మొదట చూసిన తీరు కూడా చెప్పుకోవాలి. 1881లో ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్, అమెరికాలో జార్జ్ స్టెర్న్‌బర్గ్, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే దీన్ని ప్రకటించారు. పాశ్చర్ తీసుకున్నది రేబిస్‌తో చనిపోయిన ఒక బిడ్డ లాలాజలం. స్టెర్న్‌బర్గ్ మాత్రం తన ఉమ్మినే కుందేళ్లకు ఎక్కించాడు. కుందేళ్లు చనిపోయాయి. ఆయనకు మాత్రం ఏ జబ్బూ లేదు. ఆరోగ్యంగా తిరిగే మనిషి నోట్లో, ముక్కులో ప్రాణాంతకమైన సూక్ష్మజీవి చడీచప్పుడు లేకుండా ఉండగలదని అప్పుడే తేలిపోయింది.

ముక్కులో ఏముందో చూడటం ఇప్పుడు కష్టం కాదు. సన్నని, వంగే పుల్ల చివర నైలాన్ నూగు ఉంటుంది. ముక్కు రంధ్రం గుండా పైకి కాకుండా తిన్నగా వెనక్కి పోనిచ్చి, కొన్ని క్షణాలుంచి తిప్పి తీస్తారు. బిడ్డ గట్టిగా ఏడుస్తుంది, అంతలోనే అయిపోతుంది. ఆ పుల్లను వేసే సీసాలో వెన్న తీసిన పాలపొడి, గ్లూకోజ్, గ్లిసరిన్ కలిపిన ద్రవం ఉంటుంది. ల్యాబ్‌లో దాన్ని గొర్రె రక్తం కలిపిన పళ్లెం మీద రాసి, కొంచెం ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాలిలో పెంచాలి. ఖరీదైన యంత్రం లేని చోట, పళ్లాలున్న డబ్బాలో కొవ్వొత్తి వెలిగించి మూత బిగిస్తారు. కొవ్వొత్తి ఆరిపోయేసరికి లోపలి గాలి సరిపోతుంది. మర్నాడు చూస్తే చిన్న చిన్న చుక్కలు, ఒక్కోదాని చుట్టూ ఆకుపచ్చ వలయం. ఇంకొంతసేపు ఉంచితే చుక్క నడుమ సొట్ట పడుతుంది. ఎందుకంటే ఆ బ్యాక్టీరియా తన ఎంజైముతో తానే కరిగిపోతుంటుంది. ఆప్టోచిన్ అనే మందు బిళ్లను పక్కన పెడితే దాని చుట్టూ పెరగకుండా ఆగిపోతుంది. అది న్యుమోకోకస్ అని నమ్మడానికి గుర్తు అదే.

మరి ఇన్నాళ్లూ ఊరికే ఉన్నది జబ్బుగా ఎప్పుడు మారుతుంది? చాలావరకు వైరస్ జలుబు వచ్చినప్పుడు. వైరస్ ముక్కు లోపలి పొరను గాయపరుస్తుంది, చీమిడి ఊరుతుంది, అందులోని చక్కెరలు న్యుమోకోకస్‌కు తిండి అవుతాయి. సంఖ్య ఒక్కసారిగా పెరిగి ఊపిరితిత్తుల్లోకి దిగితే నిమ్ము, రక్తంలోకి, మెదడు పొరల్లోకి పోతే మెనింజైటిస్. చెవిలోకి పోతే చీము. పసిపిల్లల్లో ముక్కు నుంచి చెవికి పోయే గొట్టం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది కాబట్టి చెవి కారడం వాళ్లకు అంత మామూలు. తల్లి నుంచి గర్భంలోనే వచ్చిన రక్షణ కూడా కొన్ని నెలల్లోనే సన్నగిల్లుతుంది.

ఇంట్లో మనం ప్రేమతోనే చేసే కొన్ని పనులు ఇక్కడ చేటు చేస్తాయి. స్నానం పోశాక ముక్కులో నూనె చుక్కలు వేయడం, నోటితో ముక్కులోకి ఊదడం, గది తలుపు మూసి సాంబ్రాణి పొగ పట్టడం. నూనె జారి ఊపిరితిత్తుల్లోకి పోతే అదే ఒక నిమ్ముకు కారణమవుతుంది. ఊదినప్పుడు పెద్దవాళ్ల నోట్లోవి నేరుగా పాప ముక్కులోకి చేరతాయి. ఇక పొగ, అది కట్టెల పొయ్యిదైనా సాంబ్రాణిదైనా, ముక్కు లోపలి పొరకు హానే. పెద్దవాళ్ల మనసు నొప్పించకుండా ఈ మాట చెప్పడం కష్టమని తెలుసు. అయినా చెప్పాల్సిందే.

ముక్కు కారగానే యాంటీబయాటిక్ పోయించడం ఇంకో పొరపాటు. జలుబు వైరస్‌ది, ఆ మందు దానికి పనిచేయదు. మందుకు లొంగే బ్యాక్టీరియా చనిపోయి, లొంగనివి ఆ ఖాళీలో పెరుగుతాయి. రేపు నిజంగా నిమ్ము చేసినప్పుడు అదే అమోక్సిసిలిన్ పనిచేయకపోతే ఏం చేస్తాం?

ఇంత జరిగే చోటే టీకా బలమూ కనిపిస్తుంది. న్యుమోకోకస్‌లో వందకు పైగా రకాలున్నాయి. పైన ఉండే చక్కెర తొడుగును బట్టి రకం మారుతుంది. ఆ తొడుగును ఒక ప్రోటీన్‌కు జోడించి ఇస్తేనే రెండేళ్ల లోపు బిడ్డ శరీరం దాన్ని బాగా గుర్తుపెట్టుకుంటుంది. న్యుమోకోకస్‌కు ఇచ్చే పిసివి టీకా అదే. ఐదు జబ్బులకు కలిపి ఇచ్చే పెంటావాలెంట్‌లో హీమోఫిలస్ కోసం ఉండే హిబ్ టీకాదీ అదే కిటుకు. అమెరికాలో 2000లో పసిపిల్లలకు పిసివి మొదలుపెట్టాక, టీకా వేయించుకోని ముసలివాళ్లలో కూడా ఆ రకాల జబ్బు తగ్గింది. పిల్లల ముక్కుల్లోనే లేకపోతే తాతకూ నానమ్మకూ అంటేదెక్కడిది? టీకాలో లేని 19ఏ లాంటి రకాలు ఆ తర్వాత పెరిగిన మాటా వాస్తవమే. అందుకే కొత్త టీకాల్లో దాన్నీ చేర్చారు. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ 2020 డిసెంబరులో తెచ్చిన న్యుమోసిల్ పది రకాల మీద పనిచేస్తుంది, 19ఏ అందులో ఒకటి.

మన దేశంలో ప్రభుత్వ పిసివి 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021కి దేశమంతటికీ చేరింది. ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల, మూడు డోసులూ ఉచితమే. ఆశా కార్యకర్త ఇంటికొచ్చే నలభై రెండో రోజుకు మొదటి డోసు సమయం సరిగ్గా కలుస్తుంది. పుట్టింట్లో కాన్పయి అత్తగారింటికి పోయే తల్లులు, పనికోసం ముంబై, పుణెలకు, హైదరాబాద్ సైట్లకు పోయే పాలమూరు కుటుంబాలు తప్పిపోయేది తరచుగా ఇక్కడే. టీకా కార్డు వెంట ఉంటే ఏ ఊరి ప్రభుత్వ కేంద్రంలోనైనా మిగతా డోసులు వేస్తారు. ఆలస్యమైతే మొదటి డోసు ఏడాది లోపైనా పడాలి.

టీకా వేసినా జలుబులు వస్తూనే ఉంటాయి. అప్పుడు చూడాల్సింది ముక్కును కాదు, ఊపిరిని. పాప ఏడవకుండా ఉన్నప్పుడు అంగీ ఎత్తి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకు మించి, రెండు నెలల నుంచి ఏడాది వరకు 50 లేదా అంతకు మించి ఉంటే, లేదా డొక్కలు లోపలికి పీక్కుపోతుంటే, పాలు తాగలేకపోతే, తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకుపోవాలి.