వానల వెంట ఓనాన్

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. మామిళ్ళు పూత పట్టింది మొదలు విడవకుండా కూసిన కోయిల చలికాలం వచ్చేసరికి ఎక్కడికి వెళ్ళిపోతుందని మీరు అడిగారు. మన కోయిల ఎక్కడికీ వెళ్ళదు. గుడ్లు పెట్టే కాలం అయిపోయాక కూత మానేసి, మర్రిపళ్ళూ రావిపళ్ళూ తింటూ ఆకుల చాటున ఉండిపోతుంది కాబట్టి, అది లేదని మనం అనుకుంటాం. అయితే కోయిల కుటుంబంలోనే, నిజంగా ఖండాలు దాటి పోయి, వసంతంలో తాను గూళ్ళు వెతుక్కునే చోటికి తిరిగి వచ్చే పక్షి ఒకటి ఉంది. దాన్ని కుక్కూ అంటారు. ఓనాన్ అనే పేరున్న ఒక కుక్కూ ప్రయాణాన్నే ఈ ఉత్తరంలో మీకు చెప్పబోతున్నాను. బూడిద రంగు ఒళ్ళు, పొట్ట మీద అడ్డచారలు. దూరం నుంచి చూస్తే చిన్న డేగ అనిపిస్తుంది. బరువు నూరు గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది.

యూరప్‌లో ఈ పక్షి కూత వినబడితే వసంతం వచ్చిందని లెక్క. ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో, ఏప్రిల్ 14న హీత్‌ఫీల్డ్ సంతకు వచ్చే ఒక ముసలమ్మ తన బుట్టలోంచి కుక్కూను ఎగరవేస్తుందని, అప్పుడే వసంతం మొదలవుతుందని పాత కథ ఒకటి చెప్పుకుంటారు. మిగతా కాలమంతా ఆ పక్షి ఎక్కడుంటుందో మాత్రం ఎవరికీ సరిగా తెలియలేదు. 2011లో బ్రిటన్‌లోని బీటీఓ అనే పక్షి పరిశోధన సంస్థ వారు అయిదు మగ కుక్కూలకు ఉపగ్రహ ట్యాగులు కట్టి వదిలిన తరువాతే, అవి సహారా ఎడారి దాటి కాంగో నదీ ప్రాంతపు అడవుల దాకా వెళ్తున్నాయని స్పష్టంగా తెలిసింది. వాటిలో క్రిస్ అనే పక్షి ఆ ప్రయాణాన్ని ఏటేటా చేస్తూ 2015 దాకా కబురు పంపింది.

ఆ ట్యాగు ఎలా పనిచేస్తుందో చెప్తాను, ఎందుకంటే నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. దాని బరువు సుమారు అయిదు గ్రాములు. పక్షి వీపు మీద మెత్తని పట్టీతో కడతారు. పైన చిన్న సౌరఫలకం, వెనక్కి సాగిన సన్నని యాంటెన్నా ఉంటాయి. అది పది గంటల సేపు సంకేతాలు పంపి, ఆ తరువాత 48 గంటల పాటు ఎండలో శక్తి కూడగట్టుకుంటుంది. భూమికి దాదాపు 850 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు ఆ సంకేతాలను అందుకుంటాయి. కూత వేస్తూ మనవైపు వచ్చే రైలు మనల్ని దాటగానే దాని కూత స్వరం ఎలా దిగిపోతుందో, అలాగే ఉపగ్రహం పక్షికి దగ్గరవుతున్నప్పుడు ఒక తీరుగా, దూరమవుతున్నప్పుడు మరో తీరుగా సంకేతం అందుతుంది. ఆ తేడాను లెక్కకట్టి పక్షి ఎక్కడుందో తేలుస్తారు.

ఇక ఓనాన్ సంగతి. 2019 జూన్‌లో మంగోలియా ఉత్తర భాగంలోని ఖుర్ఖ్ అనే చోట, శాస్త్రజ్ఞులు అయిదు పక్షులకు ఇటువంటి ట్యాగులే కట్టారు. పేర్లు పెట్టింది అక్కడి బడిపిల్లలు. ఓనాన్ అనేది ఆ ప్రాంతంలో పారే నది పేరు. మంగోలియా నుంచి బయలుదేరిన ఓనాన్ చైనా మీదుగా మన దేశానికి వచ్చి, ఇక్కడ కడుపు నింపుకుని, అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా చేరి, చివరికి జాంబియాలో చలికాలం గడిపింది. చలికాలమని మనం అంటున్నాం గానీ జాంబియాలో అది వానాకాలం. వాన పడితే చిగురు, చిగురుకు గొంగళిపురుగులు. ముట్టుకుంటే మనకు ఒళ్ళంతా దురద పుట్టించే ఆ నూగు పురుగులే కుక్కూకు ముఖ్యమైన ఆహారం. వాటిని ముక్కుతో పట్టి ఇటూ అటూ విదిల్చి, లోపలి మురికి పోగొట్టి మరీ మింగుతుంది.

మార్చిలో జాంబియాలో వానలు తగ్గుతుండగా ఓనాన్ ఉత్తరానికి కదిలింది. అప్పటికి కెన్యా వైపు వానలు మొదలవుతాయి. అక్కడ ఆగి, తిని, ఒంట్లో కొవ్వు నింపుకుని, మళ్ళీ సముద్రం మీదికి ఎగిరింది. కుక్కూ నీళ్ళ మీద వాలలేదు, ఈదలేదు. ఒకసారి తీరం వదిలిందంటే రాత్రీ పగలూ రెక్కలు ఆడిస్తూ ఈ ఒడ్డుకు రావలసిందే. దానికి తోడ్పడేది ఆ కాలంలో ఆఫ్రికా వైపు నుంచి మన వైపు బలం పుంజుకునే గాలి. పిల్లలూ, ఈ మాట మీరు బాగా గమనించాలి: మరి కొన్ని వారాలకు మన పొలాలకు నైరుతి ఋతుపవనాలను మోసుకొచ్చేది కూడా ఆ గాలే. మళ్ళీ ఆఫ్రికాకు వెళ్ళేటప్పుడు గాలి అటు తిరిగి, ఈశాన్యం నుంచి వీస్తుంది. అందుకే ఓనాన్ దారిని పటం మీద చూస్తుంటే నాకు గాలీ వానా నడిచే దారి కూడా కళ్ళకు కట్టింది.

2020 మే నెలలో లాక్‌డౌన్ వల్ల మనమంతా గడప దాటలేక కూర్చున్న రోజుల్లో, ఆ పక్షి మన దేశపు మధ్య భాగంలో దిగి సేదతీరి, ఈశాన్యంగా సాగిపోయింది. నెల చివరికి మంగోలియా చేరింది. జాంబియా నుంచి తిరుగు ప్రయాణమే దాదాపు 12,000 కిలోమీటర్లు. పోను రాను కలిపితే 16 దేశాల మీదుగా 26,000 కిలోమీటర్ల పైచిలుకు. అయిదింటిలో ట్యాగు పనిచేస్తూ ఇల్లు చేరింది అదొక్కటే. మిగిలిన వాటి సంకేతాలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

దీనికి దారి ఎవరు నేర్పారని అడుగుతారేమో. తల్లిదండ్రులు కాదు. కుక్కూ తన గుడ్డును వేరే పిట్టల గూట్లో పెట్టి వెళ్ళిపోతుంది. గుడ్డులోంచి బయటపడిన కొన్ని గంటలకే, కళ్ళు తెరవని ఆ పిల్ల, గూట్లోని మిగతా గుడ్లను ఒక్కొక్కటే వీపు మీదికి ఎత్తుకుని, గూటి అంచు దాకా పాకి బయటికి తోసేస్తుంది. 1788లో ఈ దృశ్యాన్ని వివరంగా రాసి ప్రకటించినది ఎడ్వర్డ్ జెన్నర్. తరువాతి కాలంలో మశూచి టీకా కనిపెట్టిన ఆయనే. పన్నెండు గ్రాముల పెంపుడు తల్లి తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన ఆ పిల్లకు తిండి పెట్టి పెంచుతుంది. ఆ పిల్లకు రెక్కలు ముదిరేసరికి కన్నవారు ఆఫ్రికా దారి పట్టి కొన్ని వారాలై ఉంటుంది. అయినా అది ఒంటరిగా, ఎక్కువగా రాత్రిపూట ఎగురుతూ, ఎన్నడూ చూడని ఖండానికి సరిగా చేరుతుంది. దిక్కూ దూరమూ పుట్టుకతోనే దాని ఒంట్లో ఉన్నాయి.

నన్ను బాధపెట్టే సంగతి ఒకటుంది, దాచకుండా చెప్తాను. 1980ల మొదటితో పోలిస్తే బ్రిటన్‌లో కుక్కూల సంఖ్య సగానికి పైగా పడిపోయింది. దక్షిణానికి వెళ్ళేటప్పుడు స్పెయిన్ మీదుగా వెళ్ళే పక్షులు, ఇటలీ మీదుగా వెళ్ళే వాటికంటే దారిలో ఎక్కువగా చనిపోతున్నాయని ట్యాగుల వల్లనే తెలిసింది. స్పెయిన్ దారి దగ్గరిదే. కానీ ఎండి ఉన్న నేలలో తిండి దొరకకుండా సహారాను దాటడం వాటి వల్ల కావడం లేదని శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారు. పైగా యూరప్‌లో వసంతం ముందుకు జరుగుతున్నా, పశ్చిమాఫ్రికాలో వానలు పడి పురుగులు పుట్టేదాకా కుక్కూలు కదలలేవు. అవి ఆలస్యంగా చేరేసరికి, గూళ్ళు కట్టే పిట్టలు ముందే పని మొదలుపెట్టి ఉంటాయి.

మీరు స్వయంగా గమనించడానికి మన దగ్గర కోయిల కుటుంబానికే చెందిన చాతకం ఉంది. నలుపు తెలుపుల ఒళ్ళు, తల మీద కొప్పు, ఎగిరినప్పుడు రెక్క మీద తెల్లని మచ్చ. ఆఫ్రికా నుంచి తొలకరితో పాటే ఉత్తర, మధ్య భారతానికి వచ్చే చాతకాలు వేరు, దక్షిణాన ఏడాదంతా ఉండే చాతకాలు వేరు. అందువల్ల జూన్‌లో మీ ఊళ్ళో మొదటిసారి కనబడిన తేదీ, చోటు, ఆ వారం వాన పడిందో లేదో ఒక పుస్తకంలో రాయండి, చూసిన పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో కూడా నమోదు చేయించండి. సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ వెతకండి. అప్పుడూ కనబడితే అది ఏడాదంతా ఇక్కడే ఉండే చాతకం కావచ్చు కాబట్టి, ఆ తేదీని కూడా తప్పకుండా రాసి నాకు పంపండి.

మీ
పెద్దతాతయ్య