ఏసీ గ్యాస్ అయిపోదు, కారిపోతుంది

చల్లదనం తగ్గితే చాలు, "గ్యాస్ అయిపోయింది, నింపాలి" అనేస్తాం. నిజానికి గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్ దాన్ని నొక్కినప్పుడు వేడెక్కి, ఆ వేడిని బయట వదిలి ద్రవమవుతుంది. లోపలి కాయిల్‌లో ఆవిరవుతూ గదిలోని వేడిని పీల్చుకుంటుంది. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెతక్కుండా మళ్లీ నింపితే, కొత్త గ్యాస్ కూడా అదే దారిన గాలిలో కలుస్తుంది.

ఆ నష్టం చిన్నది కాదు. చాలా ఏసీల్లో వాడిన ఆర్-410ఏ ఒక్క కిలో బయటకు పోతే, 100 ఏళ్ల లెక్కన 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి పెరుగుతుంది. సుమారు 900 లీటర్ల పెట్రోలు కాల్చినా అంతే. దాని బదులు వస్తున్న ఆర్-32కి ఈ సంఖ్య 675. ప్రొపేన్, అంటే ఆర్-290కి సుమారు 3 మాత్రమే.

ఆర్-410ఏ, ఆర్-32 లాంటి హైడ్రోఫ్లోరోకార్బన్లు వాడుకలోకి వచ్చింది ఓజోన్ పొరను కాపాడటానికే. అంతకుముందు వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు (సీఎఫ్‌సీలు) ఆ పొరను తినేస్తాయని 1974లో రసాయన శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా మీద రంధ్రం సంగతి బయటపడింది, 1987లో వాటిని తగ్గించేందుకు మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. కొత్త గ్యాసుల్లో క్లోరిన్ లేదు కాబట్టి ఓజోన్‌కు ముప్పు తప్పింది, కానీ వేడిని పట్టి ఉంచే గుణం మిగిలింది. వీటిని తగ్గించేందుకు 2016లో రువాండా రాజధాని కిగాలీలో ఆ ఒప్పందాన్నే సవరించారు. సంపన్న దేశాలు 2036కల్లా 85 శాతం తగ్గించాలి. చైనా ఉన్న జట్టుకు 2045కల్లా 80 శాతం, భారత్, గల్ఫ్ దేశాలున్న జట్టుకు 2047కల్లా 85 శాతం గడువు. పూర్తిగా అమలైతే ఈ శతాబ్దం చివరికి అర డిగ్రీ సెల్సియస్ దాకా వేడి తప్పుతుందని అంచనా.

మిగతా వాతావరణ ఒప్పందాలు తడబడుతుంటే ఇది ఎందుకు నడుస్తోంది? గ్యాస్ తయారయ్యేది కొద్ది కర్మాగారాల్లోనే, అందుకే లెక్క వాటి గేటు దగ్గరే తేలుతుంది. పేద దేశాల ఖర్చుకు 1991 నుంచి ఉమ్మడి నిధి ఉంది. పైగా దొంగతనం దాగదు. 2010 నుంచి ప్రపంచమంతటా నిషేధించిన సీఎఫ్‌సీ-11 అనే గ్యాస్ గాలిలోకి మళ్లీ ఎక్కువగా వస్తోందని 2018లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. కొరియా, జపాన్ దీవుల్లోని పరిశీలన కేంద్రాల కొలతలతో ఆ మూలం ప్రధానంగా తూర్పు చైనా అని 2019లో తేల్చారు. ఆ తర్వాత ఉద్గారాలు మళ్లీ పడిపోయాయి.

అయితే ఈ ఒప్పందంలో ఒక పెద్ద ఖాళీ ఉంది. అది లెక్కపెట్టేది ఉత్పత్తిని, వినియోగాన్ని. ఇప్పటికే యంత్రాల్లో ఉన్న గ్యాస్ దాని లెక్కలోకి రాదు. అది మెకానిక్ చేతిలో ఉంది.

లీకులు ఎక్కువగా పుట్టేది ఫ్లేర్ నట్ల దగ్గర, అంటే రాగి గొట్టం అంచును వెడల్పు చేసి బిగించే నట్ల దగ్గర. గొట్టం కోసిన అంచున గరుకు మిగిలితే నట్టు సరిగా కూర్చోదు. మరీ బిగిస్తే రాగి పగులుతుంది. పావు అంగుళం గొట్టానికి టార్క్ రెంచ్‌తో, అంటే బిగింపు బలాన్ని కొలిచే పానాతో, 14 నుంచి 18 న్యూటన్-మీటర్లు చాలు. బిగించాక పొడి నైట్రోజన్ నింపి, పీడనం నిలుస్తోందో లేదో చూడాలి. ఆక్సిజన్ మాత్రం ఎప్పుడూ వాడకూడదు, కంప్రెసర్ నూనెతో కలిస్తే పేలుతుంది. తర్వాత వాక్యూమ్ పంపుతో లోపలి గాలిని లాగి, పీడనాన్ని దాదాపు శూన్యానికి, అంటే 500 మైక్రాన్లకు దించి, వాల్వు మూసి గేజీని గమనించాలి. రీడింగ్ ఆగకుండా పెరుగుతుంటే లీకు, కొంత పెరిగి ఆగితే లోపల తేమ. తేమ నూనెతో చేరి ఆమ్లమై, మోటారు వైండింగును తినేస్తుంది. పంపు లేదని గ్యాస్‌తోనే గాలిని తోసేసే పద్ధతి వెంటనే మానాల్సింది: గ్యాస్ పోతుంది, తేమ మిగులుతుంది. నింపేటప్పుడు కొలత పీడనంతో కాదు, తూకంతో.

ప్రొపేన్ మంచి ప్రత్యామ్నాయమే, కానీ మండుతుంది. గాలికన్నా బరువు కాబట్టి నేల దగ్గర పేరుకుంటుంది. గాలిలో 2 శాతం దాటితే నిప్పురవ్వ చాలు. అందుకే గ్యాస్ పరిమాణానికి హద్దు పెట్టారు. 2022లో మారిన అంతర్జాతీయ ప్రమాణం అదనపు రక్షణలున్న ఏసీలో 988 గ్రాముల దాకా అనుమతిస్తుంది, అదీ గది వైశాల్యాన్ని బట్టి. ఆర్-22 అనే పాత గ్యాస్ కోసం చేసిన ఏసీలో ప్రొపేన్ నింపడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. దాని స్విచ్చులు, రిలేలు మండే గ్యాస్ కోసం చేసినవి కావు.

పాత ఏసీని తీసేసేటప్పుడు గ్యాస్‌ను రికవరీ యంత్రంతో సిలిండర్‌లోకి లాగాలి. ద్రవం వేడికి వ్యాకోచిస్తుంది కాబట్టి 80 శాతానికి మించి నింపకూడదు. ఒక్కో గ్యాస్‌కు వేరే సిలిండర్ ఉండాలి. రెండు కలిస్తే శుద్ధి చేయడం కష్టం, కాల్చి నాశనం చేయడమే మిగులుతుంది. ఈ పనికి సమయం పడుతుంది, గొట్టం కోసి వదిలేయడానికి అర నిమిషం చాలు. తెచ్చిన గ్యాస్‌ను తూచి డబ్బిచ్చే చోటు దగ్గర్లో లేనంత కాలం, మెకానిక్ ఆ సమయం పెడతాడని ఆశించడం న్యాయం కాదు. కొత్త ఏసీ ధరలోనే ఆ డబ్బును ముందుగా వసూలు చేసి పక్కన పెట్టడం ఏ ప్రభుత్వమైనా చేయగలిగిన పని.