టవర్ ఆగితే ఫోన్లకు పెద్దదిక్కు ఎవరు?

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. చాలా ఊళ్లలో సెల్ సిగ్నల్ పోయింది. చార్జింగ్ మిగిలిన ఫోన్లతోనూ లాభం లేకపోయింది. ఫోన్లలో వైఫై, బ్లూటూత్ ఉన్నాయి కదా, ఇంటి నుంచి పక్కింటికి, అలా అలా సోంపేట దాకా ఒక మెసేజ్‌ని అవే అందించుకోలేవా?

ఈ ఆలోచన కొత్తది కాదు. టవర్ లేకుండా పరికరాలే ఒకదాని మాట ఒకటి మోసే ఏర్పాటును అడ్‌హాక్ నెట్‌వర్క్ అంటారు. అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా 1970ల్లోనే, సమాచారాన్ని చిన్న చిన్న ముక్కలుగా రేడియోలో పంపే ప్యాకెట్ రేడియోతో దీన్ని ప్రయత్నించింది. అయితే విన్న ప్రతి పరికరమూ విన్నది మళ్లీ అరిస్తే అంతా రొదే, అసలు కబురు వినపడదు. 1981లో డెనిస్ బేకర్, ఆంథొనీ ఎఫ్రెమిడిస్ దీనికి గుంపులు కట్టే పద్ధతి చెప్పారు. దగ్గరున్నవన్నీ ఒక క్లస్టర్, దానికో పెద్ద, అంటే క్లస్టర్ హెడ్. రెండు గుంపుల మాటా వినపడే చోట ఉన్నది గేట్‌వే. కబురు వీటి మీదుగానే నడుస్తుంది, మిగతావి ఊరుకుంటాయి.

మరి పెద్దరికం ఎవరిది? అసలు పేచీ అంతా ఇక్కడే. పరికరాల నంబర్లు పోల్చి తేల్చేద్దామన్నారు మొదట్లో. తేలిక పద్ధతే కానీ, మోత ఎప్పుడూ ఒక్కదాని నెత్తినే పడి బ్యాటరీ ముందు దానిదే అయిపోతుంది. చుట్టూ ఎక్కువ పొరుగు ఉన్నదాన్ని పెడదామంటే, మనుషులు నాలుగడుగులు కదలగానే పెద్ద మారిపోతుంది. 2000లో సెన్సర్ల కోసం, అంటే చుట్టుపక్కల పరిస్థితిని కొలిచి పంపే చిన్న బ్యాటరీ పరికరాల కోసం వచ్చిన లీచ్ పద్ధతి పెద్దరికాన్ని వంతులవారీగా తిప్పింది. నాకు న్యాయంగా తోచింది అదే.

మన చేతికొచ్చిన ఫోన్లు మాత్రం చాలావరకు చిన్న గుంపు దగ్గరే ఆగిపోయాయి. పాత బ్లూటూత్‌లో ఒక మాస్టర్ (గుంపు పెద్ద) కింద ఒకేసారి చురుగ్గా ఉండగలిగేవి ఏడే. అలాంటి గుంపుల్ని కలిపే స్కాటర్‌నెట్ కాగితం దాటి పెద్దగా బయటికి రాలేదు. 2010లో వచ్చిన, రౌటర్ లేకుండా ఫోన్లను నేరుగా కలిపే వైఫై డైరెక్ట్‌లో పెద్దరికం మీద ఎంత మోజుందో ప్రతి ఫోనూ 0 నుంచి 15 లోపు అంకెతో చెబుతుంది. రెండూ 15 అంటే బేరం చెడిపోతుంది, గుంపే కట్టదు!

ఉద్దానంలో ఇళ్లు తోటల మధ్య ఎడంగా ఉంటాయి. జేబులో ఫోన్ బ్లూటూత్ ఒక తోట దాటడమే కష్టం, మధ్యలో గేట్‌వేగా నిలబడే ఫోనే ఉండదు. ఉన్నా, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు ఊరి కబుర్లు మోయడానికి తన చార్జింగ్ ఎవరిస్తారు? అందుకే నా ఓటు తుపాను షెల్టర్ మీద సోలార్‌తో నడిచే రేడియో పెట్టెకు. ఎత్తులో యాంటెనా పెడితే పక్క ఊరి షెల్టర్‌నీ అందుకోగలదు, పెద్దరికం ఎప్పుడూ దానిదే కాబట్టి ఫోన్ల మీద ఆ మోత పడదు.